నూటిరవై నంబరు నూలు

ఆ శనివారం పొద్దున రోజారమణి సగం బువ్వ ఇడిసిపెట్టి లేచింది. చీర పిన్ను మూడోసారి విప్పి పెట్టుకుంటుంటే, మందుల కంపెనీ డ్యూటీకి తయారైన మొగుడు శ్రవణ్‌కుమార్ నవ్విండు.

"ఏందే, పాఠం చెప్పనీకి పోతున్నవా, పెండ్లిచూపులకా?"

"నీకేం, నవ్వుతవ్! ఇయ్యాల నా పాఠం చూడనీకి పిల్లల తల్లిదండ్రులొచ్చి కూసుంటరు. జర తేడా వస్తే నౌకరి పోతది."

చౌటుప్పల్‌లో ఓ ప్రైవేటు బడిలో ఆమె నాలుగో తరగతి ఇంగ్లీషు టీచరు. పిల్లల్ని మార్కులను బట్టి మూడు వరుసలు చేసి, గోడకు గుడ్, బెటర్, బెస్ట్ అని అట్టలు తగిలించిండు ప్రిన్సిపాల్ రఘుపతి. ఇయ్యాల పాఠం కూడా అవే మాటల మీద. వరుసకొకర్ని నిలబెట్టి "రిత్విక్ ఈజ్ బెటర్ దేన్ అనూహ్య" అనిపించమని ఆయన హుకుం. అనూహ్య, మగ్గం నేసే ఐలేశం బిడ్డ. అందరికన్న తక్కువ మార్కుల గుడ్ వరుసలో కూసోబెట్టిన నాటినుంచి నోరే తెరవలేదు. ఒక పిల్లను తక్కువ చేసి ఇంకొకరి తండ్రిని మురిపించుడు చదువెట్లయితది?

రోజారమణి ఎవర్నీ నిలబెట్టలేదు. అత్తగారింటి మగ్గం కాడినుంచి తెచ్చిన మూడు నూలుండలు బల్ల మీద పెట్టింది. వాటికి నూలు నంబర్ల చీటీలు: నలభై, ఎనభై, నూటిరవై.

"విచ్ ఈజ్ ద థికెస్ట్?"

"వన్ ట్వంటీ!" తరగతంతా మొత్తుకుంది. వెనుక కుర్చీల్లో పెద్దలూ తలూపిండ్రు. ఐలేశం ఒక్కడే మీసాల చాటున నవ్విండు.

"పట్టి చూసి చెప్పుండ్రి."

అనూహ్య మెల్లగా వచ్చి, ఒక్కో పోగును వేళ్ల నడుమ రాసి చూసింది. "నో మేడం. ఫార్టీ ఈజ్ ద థికెస్ట్. వన్ ట్వంటీ ఈజ్ థిన్నర్ దేన్ ఎయిటీ. నంబరు పెరిగితే పోగు సన్నమైతది."

"మరి ఏది బెస్ట్?" అన్నడు రిత్విక్.

"ఏం నేస్తవ్? తువ్వాలనా, చీరనా?" అనూహ్య తిరిగి అడిగింది.

అందరూ నవ్విండ్రు. రఘుపతి నవ్వలేదు. పాఠం అయిపోంగనే రోజారమణిని గదిలోకి పిలిచిండు.

"వరుసల ముచ్చటేది మేడం? మా వాని ర్యాంకు చెప్పలేదేందని రిత్విక్ నాయిన అడుగుతుండు."

ఆమె తరగతికి పోయి మూడు అట్టలూ పీకి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

"గివి నా తరగతిల ఉండనియ్యను సార్."

"అట్టలు ఉంటయ్. మీరుంటరో లేదో చూస్కోండి."

ఆదివారమంతా ఆమె ఇంట్లో కాలుగాలిన పిల్లిలెక్క తిరిగింది. సోమవారం పోయేసరికి అట్టలు గోడకెక్కి ఉన్నయ్. కింద పిల్లలు వరుస తప్పకుండ కూసున్నరు.

"ఎవరికి నచ్చిన కాడ వాళ్లు కూసోండ్రి."

ఎవరూ కదల్లేదు. వరండాలో రఘుపతి చెప్పుల చప్పుడు దగ్గరపడుతున్నది.

"లేచి వరుసలు మారుండ్రి బిడ్డా," అన్నది రోజారమణి, "జల్ది."