ప్రతీకల మాస్టారూ, తెల్లదుప్పట్లూ

మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మాస్టారికి ఏ వస్తువూ వస్తువులా కనబడదు. కుర్చీ కనబడితే అధికారం, గొడుగు కనబడితే భయం, చొక్కాకి ఊడిన గుండీ కనబడితే మొత్తం వ్యవస్థ. అందుకే ఆయన ప్రతీకల మాస్టారయ్యారు. పంతొమ్మిదేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగం. ఏటా సెలవులయ్యాక హెచ్‌ఓడీ గారు సంతకం పెడితేనే ఇంకో ఏడాది. పాఠంగా ఉన్న అమెరికన్ నవల మీద గైడు రాసింది మాస్టారు, అట్ట మీద పేరు హెచ్‌ఓడీ గారిది. బయట దీన్ని దొంగతనం అంటారు. మా దగ్గర డిపార్ట్‌మెంటు కృషి అంటారు.

ఆ కాలేజీలో నేను లైబ్రేరియన్‌ని. ఉండబట్టలేక ఒకసారి అడిగాను.

"మీకు కోపం రాదా మాస్టారూ?"

"అట్ట మీద ఆయన పేరు దేనికి ప్రతీకంటారు?"

"మీ చేతకానితనానికి."

"బాగుంది," అని నోటుబుక్కులో రాసుకున్నారు.

ఆ నవల ఒక లాండ్రీలో బట్టలుతికే ఆడవాళ్ళ కథ. పేజీకో తెల్లదుప్పటి ఆరేసి ఉంటుంది. ఏ హోటలు దుప్పట్లు ఉతుకుతారో ఆ హోటలు గుమ్మం తొక్కనివ్వరు వాళ్ళని. దుప్పటి దేనికి ప్రతీక అని విమర్శకులు జుట్లు పట్టుకుంటారు. మాస్టారు విమర్శకులతో ఆగలేదు. వాచ్‌మన్‌ని అడిగారు, క్యాంటీన్ వంటాయన్ని అడిగారు. పన్ను పీకించుకోడానికి వెళ్ళి, నోట్లో దూదితోనే డాక్టరునీ అడిగారు. ఆయన "ముందు పుక్కిలించండి" అన్నాడు. అదీ రాసుకున్నారు.

"ఇంట్లో ఎలా వేగుతున్నావమ్మా?" అని వాళ్ళావిడని అడిగాను.

"పెళ్ళయిన కొత్తలో కూరలో ఉప్పెక్కువైంది అన్నయ్యగారూ. ఇది దేనికి ప్రతీక అన్నారు. మర్నాడు అసలు వెయ్యలేదు. అదీ ప్రతీకేనట. అప్పట్నించి నా ఇష్టమొచ్చినట్టు వండుతున్నాను, హాయిగా ఉంది."

ఒకరోజు మాస్టారికి కాలేజీ మెట్లు తుడిచే అక్క దొరికింది.

"అక్కా, ఓ నవల నిండా తెల్లదుప్పట్లే. ఎందుకంటావు?" అంటూ కథంతా చెప్పారు.

"కాలు తియ్యండి సార్, తడి." నాలుగు మెట్లు తుడిచాక, తలెత్తకుండానే అంది. "తెల్లగా ఉన్న ప్రతిదాని వెనకా ఎవరిదో నడుంనొప్పి ఉంటది సార్."

మాస్టారు ఉన్నపళంగా ఆ తడి మెట్టు మీదే కూలబడ్డారు. ఆ పూటంతా వెనక పెద్ద మచ్చతోనే పాఠం చెప్పారు.

ఆ మాట గైడు తర్వాతి అచ్చులో నలభై ఒకటో పేజీకి చేరింది. దాని కింద అక్క పేరు కూడా రాసిచ్చారు మాస్టారు. అచ్చయి వచ్చేసరికి మాట ఉంది, పేరు లేదు. పిల్లలు పరీక్షల్లో ఆ మాట రాసి మార్కులు తెచ్చుకున్నారు. సెమినార్లో హెచ్‌ఓడీ గారు కళ్ళు మూసుకుని అదే మాట చెప్పి, "ఎన్నాళ్ళో ఆలోచిస్తే తట్టింది" అన్నారు. హాలంతా చప్పట్లు.

పంతొమ్మిదేళ్ళుగా ఆ చప్పట్లలో తనవీ కలిపిన మాస్టారు వెనక వరసలోంచి లేచారు.

"అది మీది కాదు సార్. మెట్లు తుడిచే అక్కది."

హెచ్‌ఓడీ గారు నవ్వారు. "మాస్టారు దేనికో ప్రతీకగా చెబుతున్నారు."

"కాదు సార్. ఇది దేనికీ ప్రతీక కాదు. జరిగింది ఇదే."

ఆ ఏడాది సంతకం పడలేదు. నోటుబుక్కులన్నీ నాకప్పగించి మాస్టారు ఇంటికెళ్ళిపోయారు.

పనిలేక తెరిచి చూశాను. ప్రతి జవాబు పక్కనా చెప్పినవాళ్ళ పేరు, తేదీ. నేను అన్న చేతకానితనం కూడా నా పేరుతోనే ఉంది. ఒక పేజీలో ఇలా ఉంది: "చివరి బెంచీ అమ్మాయి. ఇన్ని నెలల్లో ఈరోజే నోరు విప్పింది. గొడుగంటే వాళ్ళ నాన్నట. కరెక్టు." పేజీలు తిప్పుతూ పోతే అన్నిచోట్లా అదే ముక్క, కరెక్టు. ఎక్కడా ఒక్క తప్పు లేదు. పిచ్చనుకున్నాం గానీ, ఎన్నడూ ఎవరూ ఏమీ అడగని మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్ళి, తప్పవడానికి వీల్లేని ప్రశ్న అడిగేవారాయన.

ఈలోగా ఆ పాఠం హెచ్‌ఓడీ గారే చెప్పబోయారు.

"సార్, గొడుగు దేనికి ప్రతీక?"

"వానకి."

నాలుగోరోజుకి క్లాసులో బెంచీలే మిగిలాయి. ఐదోరోజు మాస్టారికి కబురెళ్ళింది. హెచ్‌ఓడీ గారు సంతకం పెడుతూ, "ఆవిడ పేరు సంగతి మళ్ళీ ఎత్తకండి" అన్నారు.

"నేనెత్తను సార్. చదివినవాళ్ళే అడుగుతారు," అన్నారు మాస్టారు.

చదివినవాళ్ళు అంటే మీరే. పేరు వేసి గైడు మళ్ళీ అచ్చు వెయ్యమని ప్రిన్సిపాల్‌కి ఒక ఉత్తరం రాయండి. మీ అటక మీదో అల్మరాలోనో పాత గైడు ఉంటే మా లైబ్రరీకి పట్టుకురండి. మధ్యాహ్నం పని ఆపే గంటలో అక్క నా బల్ల దగ్గరే కూర్చుంటుంది, నలభై ఒకటో పేజీలో తన పేరు తనే రాసిస్తుంది. కలం పట్టి చాలా ఏళ్ళయిందట. ఒక్కో అక్షరం దిద్ది, దూరం నుంచి ఓసారి చూసుకుని, తర్వాతది మొదలుపెడుతుంది. తొందరపెట్టకండి.