బాయి మునిగిన చోటు

లేదు, నేను ఒప్పుకోను. లైను చివర పడవ తిప్పేటప్పుడు అలాంటి దొంగ గీతలు వస్తూనే ఉంటాయని, నాకు అనుభవం తక్కువని, కోపం ఎక్కువని ఎంతమంది ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోను. కోపం ఎక్కువే. దానికీ చెరువు అడుగుకీ ఏం సంబంధం? నీళ్లలోకి రెండు రకాల చప్పుళ్లు పంపాం. రెండూ ఒకే లోతు చెప్పాయి. బుడగలో నాచో అడ్డం వస్తే ఒకటి ఒకలా, రెండోది ఇంకోలా చెప్తాయి. ఈ సంగతి నాకు నేర్పించింది మా సారే. ఆ సారే ఆ లోతును పటంలోంచి చెరిపేశారు, అదీ నా బాధ.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు, బడుల్లేవు, ఆఫీసులకు తాళాలు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అప్పటికింకా జిల్లాలు కాలేదు, అన్నీ వరంగల్ కిందే ఉండేవి. ఆ మూడు వైపులా ఉన్న కొన్ని చెరువుల్లో ఎంత పూడిక చేరిందో, ఇంకా ఎన్ని నీళ్లు పడతాయో కొలిచే పని మా కంపెనీకి వచ్చింది. సముద్రం అడుగుకు పటం గీసే పద్ధతినే చిన్నది చేసి చెరువులో దింపడమన్నమాట. చిట్యాల దగ్గర ఒక చెరువు ముగించుకుని బచ్చన్నపేట వైపు వచ్చేసరికి రోడ్లన్నీ బంద్. తర్వాత కొడకండ్ల వెళ్లాల్సిన వాళ్లం అక్కడే చిక్కుకుపోయాం.

చిక్కుకుంది ఇద్దరం, నేనూ మా టీమ్ లీడర్ సారూ. సారుది కోస్తా. నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను. అపార్ట్‌మెంటు, బోరు నీళ్లు, ఊరంటే బస్సు కిటికీలోంచి చూడటమే. పడవ నడపడానికి ఆ ఊళ్లోనే చేపలు పట్టే అన్నని మాట్లాడుకున్నాం.

"ఎలాగూ కదల్లేం. ఉన్న చెరువన్నా పూర్తి చేద్దాం" అన్నారు సారు.

పని ఇలా ఉంటుంది. పడవ పక్కన ఒక ఇనుప గొట్టం కట్టి, దాని చివర పిడికిలంత సెన్సర్‌ను నీళ్లలో ముంచుతాం. అది మనకు వినపడని చప్పుళ్లు కిందికి పంపుతుంది. అవి అడుగుకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు తెలుస్తుంది. సన్న చప్పుడు మెత్తటి బురద మీద నుంచే వెనక్కి వచ్చేస్తుంది. మొద్దు చప్పుడు బురదను దాటి గట్టి నేల దాకా పోతుంది. రెండింటి మధ్య తేడాయే పూడిక. పడవ చాళ్లు దున్నినట్టు లైన్ల మీద అటూ ఇటూ తిరుగుతుంటే, గొట్టం పైనున్న జీపీఎస్ ఏ కొలత ఏ చోటుదో రాసుకుంటుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు ఒక ఇనుప పళ్లాన్ని, గుర్తులు వేసిన గొలుసుతో నీళ్లలోకి దించి, గొలుసు చెప్పే లోతూ మెషిన్ చెప్పే లోతూ ఒకటేనా అని చూస్తాం. ఆ రోజు పొద్దున కూడా చూశాం. ఒకటే.

తండా వైపు మూలలో నీళ్లు పలచన. చాలా ఏళ్ల తర్వాత చెరువు నిండటంతో అంతకుముందు దాకా పత్తి వేసుకున్న శిఖం భూమి, అంటే చెరువు లోపలి భూమి, మునిగింది. నేల మెల్లగా, చాపలా వాలుతూ పోతోంది. లైను చివర అన్న పడవ తిప్పుతున్నాడు. తెర మీద అడుగు గీత ఉన్నట్టుండి తెగినట్టు కిందికి పడిపోయింది. అప్పటి దాకా మోకాలిలోతు చూపిస్తున్న మెషిన్ పద్నాలుగు మీటర్లు చూపించింది. ఆ వెంటనే మళ్లీ మోకాలిలోతు. నా చేతిలో ఫోన్ ఎప్పుడూ ఉంటుంది, తెరను ఫొటో తీశాను.

"స్పైక్. దొంగ గీత" అన్నారు సారు, పెద్దగా పట్టించుకోకుండా. "క్లీనింగ్‌లో తీసెయ్."

"రెండు ఫ్రీక్వెన్సీల్లోనూ వచ్చింది సార్."

"వస్తుందమ్మా. పత్తి చేనులో పద్నాలుగు మీటర్లేంటి? కృష్ణా నదా ఇది?"

ఇంతలో ఒడ్డు నుంచి కేకలు. తండా ముసలామె మేకలు తోలుకొచ్చింది. మా వైపు చెయ్యి ఊపుతోంది.

"ఆడికి పోకుండ్రి బిడ్డా! ఆడ మా బాయి మునిగింది!"

దిగ్గున లేచాను. లంబాడీ ఆడవాళ్ల పేర్ల చివర బాయి అని ఉంటుందని తెలుసు. మా అపార్ట్‌మెంటులో పని చేసే ఆమెను కూడా బాయి అనే పిలిచేవాళ్లం. అన్న పడవను ఒడ్డుకు తోస్తుండగానే అడిగాను.

"ఎప్పుడవ్వా?"

"మొన్నటి వానలకే. సూస్తుండంగనే మునిగింది."

"ఎన్నేళ్లు?"

"ఏడేండ్లయితుండె బిడ్డా. మస్తు మంచిగుండె."

ఏడేళ్ల పిల్ల!

"మరి బయటికి తియ్యలేదా?"

"మోటరు తీసుకున్నం."

"మోటర్ తీసుకున్నరా? బాయిని వదిలేసి మోటర్ తీసుకున్నరా?" అరిచాను.

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "బాయిని ఎవలు మోస్తరు బిడ్డా?"

అప్పటికే వందకు ఫోన్ కలిపాను. ఎత్తిన పోలీసాయన మునిగిన మనిషి పేరు అడిగాడు. బాయి అని చెప్పాను. ఏం బాయి అన్నాడు. ఫోన్ పక్కకు పెట్టి, "అవ్వా, పేరు అడుగుతున్నరు, ఏం బాయి?" అన్నాను.

"ఊట బాయి. ఎండకాలం గూడ ఎండకపోయేది."

"ఊట బాయి అంట సార్" అన్నాను ఫోన్‌లో.

అటువైపు పక్కవాళ్లతో ఏదో గొణిగాడు. తర్వాత, "అమ్మా, మాది గూడ ఊరే. అసలే సమ్మెతోని పరేషాన్ల ఉంటే తమాషలు చేస్తున్నవా?" అని పెట్టేశాడు.

పడవ ఊగుతోంది. తెడ్డు వదిలేసి అన్న పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "అక్కా! బాయంటే పిల్ల గాదే! బాయి! నీళ్లు తోడుకునే బాయి!"

సారు కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "బావిని బాయి అంటే ఎవరికి తెలుస్తుందయ్యా? తెలుగులో చెప్పమను."

అన్న నవ్వు ఆపేశాడు. "గిది తెలుగు గాదా సార్? మీరు బావి అంటే మాకు బావ యాదికొస్తడు. గట్లని మేం నవ్వుతున్నమా?"

సారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. నాకు ఇద్దరి మాటలూ సరిగ్గా ఎక్కలేదు. ముసలామె చెయ్యి చూపించిన వైపే చూస్తున్నాను. మెషిన్ గీత పడిపోయింది అటే. వ్యవసాయ బావి. గట్టుండదు, గిలకుండదు. నేలలో ఒక పెద్ద నోరు, అంతే. దాని మీద ఇప్పుడు మోకాలిలోతు నీళ్లు ఏమీ ఎరగనట్టు మెరుస్తున్నాయి.

"నీకు తెలుసా అన్నా ఇక్కడ బావి ఉందని?"

"ఉన్నదని ఎర్కనే. ఇంకా లోపటుంటదనుకున్న. నీళ్లొచ్చినంక దూరాల అంతు దొరుకుతలేదు." ముసలామె కూడా కచ్చితంగా చెప్పలేకపోయింది. ఆమె చెయ్యి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగింది. గుర్తులన్నీ మునిగిపోయాయి మరి.

అప్పుడు అన్న ముఖం మారింది. ఆ రోజు సద్దుల బతుకమ్మ, పండగ చివరి రోజు. ప్రతిసారీ తూము దగ్గర ఆడవాళ్లు నీళ్లలోకి దిగి బతుకమ్మల్ని వదులుతారట. ఈసారి ఆ దారి మునిగిపోయింది. మెల్లగా వాలుగా ఉంది, పిల్లలతో దిగినా భయం లేదని ఈ మూల చూసుకున్నారు. అన్న భార్యే ముందుండి, పొద్దున్నే వచ్చి నాచు తీసి శుభ్రం చేసి వెళ్లింది. సాయంత్రం ఊరంతా దిగేది ఇక్కడే.

"చెప్పాలి సార్" అన్నాను.

"ఏమని చెప్తావ్? కన్ఫర్మ్ కాని డేటా బయట మాట్లాడకూడదు. సమ్మెలో సర్వే ఏంటని అసలే గుర్రుగా ఉన్నారు. నేను నోరు తెరిస్తే నా యాస విని, పండగ చెడగొట్టడానికి వచ్చామంటారు."

ఆయన భయం అబద్ధం కాదు. అయినా నాకు ఒళ్లు మండింది. "అయితే కన్ఫర్మ్ చేద్దాం. తిప్పన్నా పడవ!"

జీపీఎస్ చూపించిన చోటికి వెళ్లాం. లైన్లు దగ్గర దగ్గరగా పెట్టి ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిరిగాం. ప్రతిసారీ గీత అక్కడే తెగింది, అక్కడే మళ్లీ లేచింది. తర్వాత గొలుసుకు కట్టిన పళ్లాన్ని నేనే దించాను. గొలుసు జారుతోంది, జారుతోంది. అయిపోయింది. పళ్లెం దేనికీ తగల్లేదు. ఆ బరువు నా అరచేతుల్లో వేలాడుతుంటే, కింద నేలే లేదన్న సంగతి మెషిన్ చూపించినప్పటి కంటే ఎక్కువగా తెలిసింది. సారు గొలుసు వైపు చూసి, కొలత రాసుకున్నారు.

రోడ్డు మీద సమ్మె టెంటు దగ్గర వంటా వార్పు నడుస్తోంది. రోడ్డు మధ్యలోనే పొయ్యిలు, ఒక పక్కన గునుగు, తంగేడు పూల కుప్పలు, బతుకమ్మలు పేరుస్తున్న ఆడవాళ్లు. అన్న, నేను వెళ్లి చెప్పాం. ఆయన భార్య పువ్వులు కింద పెట్టి లేచింది.

"సమ్మెల సర్వే ఏందే? ఎవలు పంపిన్రు మిమ్ముల? భూములు కొలుస్తున్రా?"

"భూములు కాదక్కా, నీళ్లు. అక్కడ బావి... బాయి ఉంది. సాయంత్రం అక్కడ దిగొద్దు."

"నీకెట్ల తెలిసింది? మునిగి సూసినవా?"

ఫోన్‌లో ఫొటో చూపించాను. అందరూ మూగారు.

"గిది చెరువా? దవాఖానల గుండె పరీక్ష కాయితం లెక్క ఉన్నది!" అంది ఒకామె.

"చెరువు గుండె ఆగినట్టున్నదే" అంది ఇంకొకామె. ఫక్కున నవ్వారు.

అన్న భార్య నవ్వలేదు. "నేను పొద్దుగాల్ల దిగిన. మోకాళ్ల దాక లేవు నీళ్లు. యాడిదాక రావాల్నో కట్టె గూడ పాతొచ్చిన. నువ్వు పట్నం నుంచొచ్చి పెట్టెల సూసి చెప్తవా?"

"నా మాట వద్దు. వచ్చి చూడు" అన్నాను. గొంతు పెరిగింది. ఆమెదీ పెరిగింది. తిట్టుకుంటూనే చెరువు దాకా నడిచాం, వెనక సగం ఊరు.

అన్న పొడవాటి వెదురు కర్ర పట్టుకుని, అడుగడుగునా నేల పొడుచుకుంటూ లోపలికి నడిచాడు. మోకాళ్ల దాకా నీళ్లు. కర్ర నేలకు తగులుతోంది. భార్య పాతిన కట్టె దాకా వెళ్లాడు. ఆగి, కట్టెకు అవతల చెయ్యి చాపి వెదురు దించాడు. కర్ర మొత్తం లోపలికి పోయింది. ఆయన చెయ్యి కూడా మోచేతి దాకా దాని వెంట పోయింది. వదిలేస్తే కాసేపటికి కర్ర నీళ్లలోంచి నిటారుగా పైకి తన్నుకొచ్చి పక్కకు వాలిపోయింది.

అన్న భార్య ఒడ్డున కూలబడింది.

"పొద్దుగాల్ల పిల్ల నా సంకల ఉండె" అంది. అంతే. లేచొచ్చి నా భుజం పట్టుకుని ఊపేసింది. "పొద్దుగాల్నే ఎందుకు చెప్పకపోతివే? పొద్దుగాల్నే!" పొద్దున నేనింకా గొలుసు దించి మెషిన్ సరిచూసుకుంటున్నానని చెప్పాలనుకున్నాను. ఆమె ఏడుస్తూ నన్ను పట్టుకునే ఉంది.

ఆ సాయంత్రం ఎవరూ నీళ్లలోకి దిగలేదు. కట్ట మీదే ఆడారు. బతుకమ్మల్ని మా సర్వే పడవలో పెట్టి లోపలికి తీసుకెళ్లి వదలాలని తేల్చారు. సారు ఒప్పుకోరనుకున్నాను. ఆయనే సెన్సర్ గొట్టం విప్పి ఒడ్డున పెట్టి, ప్యాంటు మడుచుకుని, ఒక్కొక్క బతుకమ్మను పువ్వు చెదరకుండా అందుకుని పడవలో సర్దారు. "జాగ్రత్తమ్మా, జాగ్రత్త" అంటూనే ఉన్నారు. "ఈ సారు మంచోడే" అంది ముసలామె. నేనూ అనుకున్నాను. బావి చుట్టూ అన్న నాలుగు వెదుర్లు పాతి, టెంటు దగ్గరి జెండాలు తెచ్చి కట్టాడు.

సమ్మె ముగిసి మేం హైదరాబాద్ చేరాక, ఆ చెరువు పటం నా ఫోన్‌కు వచ్చింది. వేలితో పెద్దది చేసి చూశాను. తండా వైపు మూల లేత నీలంలో నున్నగా ఉంది. బావి లేదు. అక్కడ మేం తిరిగిన అడ్డం లైన్లూ లేవు, గొలుసు కొలతా లేదు. నా కళ్లను నేనే నమ్మలేదు. ఆఫీసుకు పరిగెత్తాను.

"ఎందుకు తీసేశారు సార్? మీ కళ్లతో చూశారు కదా!"

"చూశాను. నిజమే, బావే. కానీ మనల్ని అడిగింది చెరువులో ఎన్ని నీళ్లు పడతాయని. అంత చెరువులో ఆ బావి ఎంత? ఉంచితే ఈ పద్నాలుగు మీటర్లేంటని ప్రశ్నలొస్తాయి, రిపోర్ట్ వెనక్కొస్తుంది."

"అక్కడ మనుషులు దిగుతారు సార్."

"వెదుర్లు పాతారుగా."

వెదుర్లు! వచ్చే వానాకాలానికి అవి ఉంటాయా? ఆ రోజు నేను అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆఫీసులో అందరూ సారు వైపే ఉన్నారు. ఇప్పటికీ ఈ రంగంలో ఉన్నవాళ్లకు చెప్తే, లెక్క ప్రకారం ఆయన చేసింది తప్పు కాదంటారు. నీళ్ల లెక్కకు ఆ బావి అక్కర్లేదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ మోకాళ్ల లోతు నీళ్ల పక్కనే నేల లేని చోటు ఉందని తెలిసి, దాని మీద లేత నీలం పూసి పంపిస్తే, దాన్ని పటం అంటారా? అంటామంటారా, సరే, ఆ పటం పంపిస్తాను. దాన్ని చేత్తో పట్టుకుని, మీ పిల్లను చంకనేసుకుని, ఆ మూల మీరు దిగుతారా?