అవ్వకు కారం పడదనుకున్నాం

నిన్న పొద్దున ఒంగోలులో ఆఫీసుకు బయల్దేరుతుంటే పెదనాన్న ఫోన్. "అవ్వ పోయింది రా" అన్నాడు. చేతిలో లంచ్ బాక్స్ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు.

తొంభై దాటిన మనిషి. పోతుందని తెలుసు. అయినా నమ్మబుద్ధి కాలేదు. ఆదివారమే కదా తర్లుపాడు వెళ్లి చూసి వచ్చాను.

మా నాయన తల్లి. నా పోస్టులు చూసే మీకందరికీ "పెరుగు అవ్వ".

మిరపకాయలు వేయిస్తుంటే వాకిట్లోకి పోయేది. పిల్లల కంచం పక్కన మజ్జిగ గ్లాసు లేకపోతే కోడళ్లకు క్లాసే. కూర ముక్కలు నీళ్లలో కడిగి మరీ మాకు పెట్టేది. "తిను, అలవాటవుతుంది" అని ఎవరైనా అంటే అవ్వకు ఎక్కడలేని కోపం.

పోయిన క్రిస్మస్‌కు నేనే మిరపకాయ బజ్జీ అవ్వ నోటి దగ్గర పెట్టి వీడియో తీశాను. కొరకనే లేదు, కళ్లలో నీళ్లు వచ్చేశాయి. మీరంతా నవ్వే ఎమోజీలు పెట్టారు.

మొదటిది నాదే.

ఆదివారం అవ్వ సంగటి, గొడ్డుకారం అడిగింది. ఎండుమిరపకాయలు, ఉప్పు, అంతే. మతి తప్పిందేమో అనుకున్నాను. మజ్జిగ గ్లాసు పట్టుకుని పక్కనే కూర్చున్నాను.

ప్రార్థన చేసుకుని ముద్ద వెనక ముద్ద తిన్నది. కన్ను చెమర్చలేదు. నీళ్లు అడగలేదు.

మంటగా లేదా అవ్వా అన్నాను.

"నాకెప్పుడు మండింది నాయనా. మంటంతా సుగుణకే."

సుగుణ ఎవరో మాకెవరికీ తెలియదు. ఆ రోజే చెప్పింది.

అవ్వ చెల్లెలు. తెల్లదొరల కాలం, మద్రాసు ప్రెసిడెన్సీ. వానల్లేక అమ్మానాయన రోడ్డుకు కంకర కొట్టే కరువు పనికి పోయేవాళ్లు. నాలుగేళ్ల సుగుణను తొమ్మిదేళ్ల అవ్వ చూసుకోవాలి. ఇంట్లో ఉండేది జొన్న సంగటి, గొడ్డుకారం. కారం తిని కడుపు నిండా నీళ్లు తాగడమే. సుగుణకేమో నాలుకకు తగిలితే చాలు, ఏడుపు.

ఒకరోజు తిననని మొండికేసింది. అవ్వ చెంప మీద ఒకటిచ్చి, తిను, అలవాటవుతుంది అని నోట్లో కుక్కింది. ఆ పిల్ల ఏడుస్తూనే నాలుగు ముద్దలు మింగింది. తింటున్నా అక్కా, కొట్టొద్దు అన్నదట.

ఆ సాయంత్రమే వాంతులు. ఊళ్లో కలరా. తెల్లారేసరికి లేదు.

కారం వల్ల కాదవ్వా, జబ్బు వల్ల అన్నాను.

"తెలుసు. కడాకరి ముద్ద నేనే పెట్టినా గదా. ఇప్పటికీ అడుగుతానే ఉంటది, అక్కా మంట, అక్కా మంట అని."

మరి ఇన్నేళ్లకు ఇప్పుడెందుకు తిన్నావని అడిగాను.

"పొయ్యేముందు దానికి ఎంత మండిందో చూద్దామనుకున్నా. నాకు మండనే లేదు."

అంటూ ఖాళీ కంచం వైపు చూసింది. ఆ చూపు నన్ను వదలడం లేదు. వయసుకు నాలుక మొద్దుబారిందని ఏదో సర్దిచెప్పాను. అవ్వ వినలేదు.

వీడియో డిలీట్ చేశాను. మీ ఫోన్లలో ఉంటే మీరూ తీసేయండి, ప్లీజ్.

నిన్న మట్టి వేసి ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటే పెద్దమ్మ నా పక్కన మజ్జిగ గ్లాసు పెట్టింది. అవ్వ నేర్పిన అలవాటు. తాగలేకపోయాను.

అవ్వా, ఆ గ్లాసు సుగుణకు ఇవ్వు. ప్రభువు దగ్గర అక్కాచెల్లెళ్లిద్దరూ చల్లగా ఉండండి.