బాబాయి బూటు లేసు

తెల్లవారుజామున వీధి మలుపు అవతల ముందు మాటలు వినిపించేవి. ఆ మాటల వెనకే మంచులోంచి మా బార్బర్ బాబాయి వచ్చేవాడు. పరుగెత్తేటప్పుడు నోరు మూయకపోవడం ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు. షాపులో మన తల ఆయన చేతిలో ఉంటుంది కాబట్టి వింటాం. రోడ్డు మీద మన కాళ్లు మన దగ్గరే ఉన్నా తప్పించుకోలేం.

ఆదివారాలు మా ముగ్గురిదీ దూరపు పరుగు. మూడో మనిషి పళ్ల డాక్టరుగారు. ఆయన చేతి గడియారం మాట జవదాటరు. అది కీచుమంటే చాలు, వేగం పెంచేస్తారు.

"డాక్టరుగారూ, నిన్న మీ ఇంట్లో కూరేంటండీ?"

"బంగా... బంగాళా..."

"అలా ముక్కలు తరిగితే ఎలా? ఎవరు వండారు, ఎలా కుదిరింది, పూర్తి వాక్యంలో చెప్పాలి. పరుగెత్తుతూ మాట్లాడలేనివాడు పరుగెత్తట్లేదండీ, పారిపోతున్నాడు."

డాక్టరుగారి దగ్గర క్రియాపదానికి సరిపడా ఊపిరి ఉండేది కాదు. సరిగ్గా అప్పుడే బాబాయి లేసు ఊడిపోయేది. "ఆగండాగండి, లేసు!" అంటూ గొంతుక్కూర్చునేవాడు. మేం మోకాళ్లు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఆ పాడు లేసును తిట్టుకుంటూ రొప్పేవాళ్లం. విసిగిపోయిన డాక్టరుగారు కొత్త లేసుల జత కొనిచ్చారు. బాబాయి కళ్లకద్దుకున్నాడు. మరుసటి ఆదివారం అవీ ఊడాయన్నాడు.

పోయినేడు ఊళ్లో జరిగిన పెద్ద పరుగు పందెంలో నేను బాణంలా బయలుదేరి, సగం దారిలో కూలబడి, వ్యానులో ఇల్లు చేరాను. ఈసారి మా అక్క గుమ్మంలోనే అడిగింది: "కాళ్లమీద వస్తావా, చక్రాలమీద వస్తావా?" ఆ మాట చెవిలో గింగురుమంటుంటే మళ్లీ బాణమే అయ్యాను. పక్కనే బాబాయి, కుర్రాళ్లను కూడా దాటేసే ఊపులో ఉన్నాడు.

"ఏరా, మీ అక్క ఏమని పంపించింది?"

"చ... చక్రా..."

"అయ్యో, లేసు!"

నా చొక్కా పట్టుకుని మరీ ఆగాడు. జనమంతా మమ్మల్ని దాటిపోయారు, గడియారంతో సహా డాక్టరుగారు కూడా. తిక్కరేగి, లేసేదో నేనే కట్టేద్దామని వంగాను.

ఆ బూట్లకు లేసుల్లేవు. అంటించే పట్టీలు. మడమలరిగిపోయిన పాత బూట్లు.

"మరి డాక్టరుగారి లేసులు?"

"షాపులో కర్టెనుకి కట్టా. బ్రహ్మాండంగా పనికొచ్చాయి."

"ఇన్నాళ్లూ ఈ నాటకమేంటి బాబాయ్?"

"'నావల్ల కాదు, ఆగుదాం' అని మీలో ఒక్కడైనా నోరు విప్పాడా? ఎవరిదో ఒకరిది ఊడాలి కదరా."

ఆ తర్వాత దారి మా కాళ్లకింద చాపలా తీరిగ్గా పరుచుకుంటూ పోయింది. చివరి గీత దాటాక కూడా నా దగ్గర ఇంకా ఊపిరి మిగిలే ఉంది. బాబాయి తన ఫోను నా చేతిలో పెట్టాడు.

"మీ అక్కకి చెప్పు. పూర్తి వాక్యంలో."