బుచ్చమ్మ కొలత

ఖాజాగూడలో కాన్పంటే బుచ్చమ్మ రావాల్సిందే. ముప్పై ఏళ్ళుగా ఆ ఊరి పిల్లలంతా ఆమె చేతుల్లోనే పుట్టారు.

1949 ఎండాకాలంలో ఊరికి పాలపొడి వచ్చింది. సముద్రాల అవతలి ఒక ప్రభుత్వం బలహీనంగా ఉన్న పిల్లల కోసం పంపింది. పొద్దెక్కాక చావడి దగ్గర పంపకందార్లు పాలు కలిపి పోసేవారు. మూడు నెలలకు, తమ సాయం ఎవరికి అందిందో చూసి రమ్మని ఆ ప్రభుత్వం ఒక అధికారిణిని పంపింది. పట్నం గుమాస్తా వెంకటనారాయణ ఆమెకు దుబాసీగా వచ్చాడు.

పంపకందార్లు ఖాళీ డబ్బాలు చూపించారు. అధికారిణి సంతోషంగా రాసుకుని లేవబోయింది.

బుచ్చమ్మ ముందుకొచ్చింది. "సారూ, దొరసానికి జర చెప్పుండ్రి. పాలైతే ఒడిశినయ్ గని, తాగాల్సినోళ్ళు తాగలే."

"ఎవరమ్మా తాగనిది?" అని అడిగాడు వెంకటనారాయణ.

"గుట్టల కాడ రాళ్ళు కొట్టేటోళ్ళ పోరగాండ్లు. తల్లులు తెల్లారకముందే పనికి పోతరు. ఇగ చావడికి ఎవలు తోల్కొస్తరు?"

పంపకందార్లు గుడ్లురిమారు. వెంకటనారాయణ జంకుతూనే ఉన్నదున్నట్టు చెప్పాడు. అధికారిణి బుచ్చమ్మ వెంట గుట్టల దాకా నడిచింది. బండల నీడలో పద్నాలుగు మంది పిల్లలు, ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నారు. ఇకనుంచి సాయంత్రం పని దిగే వేళకు అక్కడే పాలు పోయాలని నిర్ణయమైంది.

"ఫలితం ఉందో లేదో తెలిసేదెట్లా?" అని అధికారిణి అడిగించింది.

బుచ్చమ్మ ఒక్కొక్కరి దండచేతికి దారం చుట్టి, సరిపోయిన చోట తెంపి, వాళ్ళ తల్లులకే ఇచ్చింది. "పైలంగ దాయుండ్రి. దొరసాని మళ్లొచ్చినప్పుడు చుట్టి సూద్దాం."

దీపావళి దాటాక అధికారిణి మళ్ళీ వచ్చింది. తల్లులు దారాలు తెచ్చారు. పదకొండు మందికి పాత దారం చాలలేదు. మిగిలిన ముగ్గురికి అదే దారం సరిపోయింది. వాళ్ళలో ఇద్దరు జ్వరం పడి లేచినవాళ్ళు. మూడోవాడు, రాళ్ళు కొట్టే ఎల్లేశం కొడుక్కి మాత్రం పాలే పడవు.

"వీనికి గంజి పోయాలె. అది గూడ రాయుండ్రి," అంది బుచ్చమ్మ.

ఆమె కొలతనే తన నివేదికలో పెడుతున్నానని అధికారిణి చెప్పించింది. కొలిచినవారి వేలిముద్ర కావాలంది. సిరా అంటిన బొటనవేలిని కాగితంపై గట్టిగా నొక్కింది బుచ్చమ్మ. పక్కన "బుచ్చమ్మ" అని రాస్తున్నానని వెంకటనారాయణ చెప్పగానే తలెత్తింది.

"సారూ, ఉత్త బుచ్చమ్మ అని రాస్తే ఎట్ల? ఖాజాగూడ మంత్రసాని బుచ్చమ్మ అని రాయుండ్రి."

వెంకటనారాయణ పెద్ద అక్షరాలతో రాశాడు.