ఆయన గదిలో ఉంటేనే నడిచిన కాపీ

దాదాపు ఇరవై ఏళ్ళ కిందట మార్టూరులో ఒక ఫొటో స్టూడియో కంప్యూటర్ మొరాయించింది. కారణం నాకు తెలుసు. చెప్పలేదు. ఇంకొకరి మీదికి నెట్టాను. ఇది రాయడానికి మొదటి కారణం అదే. రెండోది, ఆ తర్వాత నా కళ్ళతో చూసిన సంగతి. దయ్యాలనీ దిష్టినీ నేను ఏనాడూ నమ్మలేదు. స్క్రూడ్రైవర్‌తో విప్పితే కనబడని కారణమంటూ ఉండదనుకునే మనిషిని.

చిలకలూరిపేటలో నాది సర్వీసు షాపు. ఆ స్టూడియోలో పెళ్ళి వీడియోల మిక్సింగ్ సిస్టం బిగించింది నేనే. ఓనరు కోటేశ్వరరావు. మిక్సింగ్ చేసేది సుబ్బారావు గారు. ముప్పై ఏళ్ళు డార్క్‌రూంలో ఫొటోలు కడిగి, యాభై దాటాక మౌస్ పట్టుకున్న మనిషి.

కార్తీకమాసం పెళ్ళిళ్ళప్పుడు సిస్టం నత్తనడక పట్టింది. చిన్న ఫైళ్ళకి బాగానే ఉండేది. పెళ్ళి వీడియో ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకి కాపీ పెడితే మాత్రం గంటలు చూపించేది, మౌస్ కూడా కదిలేది కాదు.

"ఏమయ్యా శీనూ, పెళ్ళికూతురికి బిడ్డ పుట్టేలోపైనా సీడీలిస్తామా?" అన్నాడు కోటేశ్వరరావు.

విప్పి చూడగానే తెలిసింది. డిస్కుకి నేను తగిలించిన కేబుల్ కొత్తది కాదు, వేరే సిస్టం నుంచి పీకిన పాతది. దాంట్లో పదేపదే తప్పులు వస్తుంటే సిస్టం తనంతట తానే వేగం తగ్గించుకుంది. ఆ మాట చెబితే షాపు పేరు పోతుంది.

కంప్యూటర్ క్యాబినెట్ మీద దసరా పూజనాడు సుబ్బారావు గారు పెట్టిన బొట్లు ఇంకా ఉన్నాయి. ఆ కుంకుమ ఆయన భార్య భరిణెలో పెట్టి పంపింది. "ఈ పొడి ఫ్యాన్‌లోంచి లోపలికి పోయిందండీ, డిస్కు మొరాయిస్తోంది" అన్నాను కోటేశ్వరరావుతో. అంటూనే, పొడి తుడుస్తున్నట్టు నటిస్తూ గుట్టుగా కొత్త కేబుల్ మార్చాను. సుబ్బారావు గారు పక్కనే నిలబడి ఉన్నారు. కాపీ పరుగెత్తింది.

వారం తిరక్కుండా, కుంకుమ పోసి సిస్టం పాడుచేశారని కోటేశ్వరరావు ఆయన్ని పనిలోంచి తీసేశాడు.

ఆ మర్నాటి నుంచే కాపీ మళ్ళీ ఆగింది. ఈసారి నాకు కారణం దొరకలేదు. డిస్కులు మార్చాను, బోర్డు మార్చాను, విండోస్ మళ్ళీ వేశాను. చుట్టూ రాళ్ళు కోసే మిషన్ల వల్ల కరెంటు ఊగుతోందేమో అనుకుని, అవి బంద్ ఉన్న రోజు చూశాను. అదే తీరు. అదే సిస్టం పేటకి తీసుకొస్తే నా షాపులో బ్రహ్మాండంగా నడిచింది.

సంక్రాంతి వెళ్ళిన తర్వాత ఒక రోజు మధ్యాహ్నం సుబ్బారావు గారు బీరువాలో ఉండిపోయిన తన పాత కెమెరా కోసం వచ్చారు. సిస్టం మళ్ళీ స్టూడియోకి తెచ్చి నేను కాపీ పెట్టి చూస్తున్నాను, తెర మీద అప్పుడు యాభై నిమిషాలు మిగిలి ఉంది. ఆయన గడప దాటగానే నాలుగు నిమిషాలకి పడిపోయింది. కెమెరా తీసుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ నలభై.

కాకతాళీయం అనుకున్నాను. పాత ఫోల్డరు కనబడటం లేదని సాకు చెప్పి ఇంకో రెండుసార్లు పిలిపించాను. రెండుసార్లూ అంతే. ఆయన టేబుల్ దగ్గరికి కూడా రాలేదు, దేన్నీ ముట్టుకోలేదు.

"ఇదేంటి శీనూ, ఈయనకి సలాం కొడుతోంది!" అని నవ్వాడు కోటేశ్వరరావు.

సుబ్బారావు గారు నవ్వలేదు. "నేనిక్కడే ఉంటాలే బాబూ. నా చేతికి కుంకుమ ఏమైనా అంటి ఉంటుందేమో" అన్నారు.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. కోటేశ్వరరావు ఆ సిస్టం తీసేసి ఇంకోటి కొన్నాడు, అదీ నా దగ్గర కాదు. సుబ్బారావు గారు వాడరేవులో సముద్రానికి వచ్చేవాళ్ళకి ఫొటోలు తీసుకుంటున్నారని విన్నాను.

మూడేళ్ళు తెలియనట్టే తిరిగాను. చీరాలలో ఒక కస్టమరు మాటల్లో చెప్పాడు: సుబ్బారావు గారి భార్య ఆ ఏడాది నుంచి ఇంట్లో దసరా పూజ మానేసిందట, తన కుంకుమే మొగుడి పని పోగొట్టిందని. మర్నాడే బస్సెక్కాను.

ముందు మార్టూరు వెళ్ళి కోటేశ్వరరావుకి నిజం చెప్పాను. "ఛీ, ఇంత నీచమా! పాపం ఆయన్ని నా నోటితో పొమ్మన్నానురా" అన్నాడు. అన్ని మాటలూ పడ్డాను.

అటు నుంచి వాడరేవు. సుబ్బారావు గారు తీరం మీద ఉన్నారట. ఇంట్లో ఆయన భార్య ఒక్కతే చేపల వాసనకి తలుపు దగ్గరగా వేసుకుని బియ్యం ఏరుకుంటోంది. నేనెవరో చెప్పాను. చేట పక్కన పెట్టింది.

ఆ మూడు మధ్యాహ్నాలూ కాపీ ఎందుకు కదిలిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఎంతమందిని అడిగినా తేలలేదు. నాకు తెలిసింది మాత్రం ఆవిడకి చెప్పాను.

"మీ కుంకుమ వల్ల ఏమీ పాడవలేదమ్మా. పాత కేబుల్ వేసింది నేను, అబద్ధమాడింది నేను. మీకూ ఆయనకూ అన్యాయం చేశాను. నన్ను క్షమించండి."