హైదరాబాద్ బెంచీ

మా బాపు పోయిన నెల చనిపోయాడు. నేను కాజీపేట స్టేషన్లో టికెట్ కౌంటర్ దగ్గర డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది. చేసింది స్వరూప. బడిలో నా క్లాస్‌మేట్, ఇప్పుడు హన్మకొండ కోర్టులో వకీలు. "జల్ది రావే, సారు పోయిండు" అంది. పొద్దున నేను డ్యూటీకి వస్తుంటే తను దవాఖానలో ఆయన పక్కన కూర్చుంది. అట్లా, నా తండ్రి పోయిన సంగతి నాకంటే ముందు ఆమెకు తెలిసింది. నిజం చెబుతున్నాను, ఏడుపు రాకముందే నాకు ఒళ్ళు మండింది.

ఈ మంట కొత్తది కాదు. మా బాపు హన్మకొండలో ఒక సర్కారు బడిలో సోషల్ సారు. ఊరందరికీ సారు, నాకొక్కదానికే బాపు. లెక్కప్రకారం నాకే ఎక్కువ దక్కాలి. దక్కలేదు.

ప్రతి ఏడాదీ దసరా సెలవుల తర్వాత తొమ్మిదో తరగతిని ఆయన రాజ్యాంగ సభగా మార్చేసేవాడు. "చదివితే పరీక్ష దాకనే ఉంటది, చేస్తే పానం ఉన్నన్ని రోజులు ఉంటది" అనేవాడు. పిల్లలు తమ క్లాసుకు తామే రాజ్యాంగం రాసుకోవాలి. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి, ముసాయిదా కమిటీ వేయాలి. కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలి, బోర్డు ఎవరు తుడవాలి, మాట్లాడినవాళ్ళ పేర్లు రాసే హక్కు లీడరుకు ఉండాలా వద్దా, ఒక్కో అధికరణం మీద వాదించుకోవాలి, సవరణలు పెట్టాలి, చేతులెత్తాలి. అసలు సభ చేసినట్టే ముసాయిదాను మూడుసార్లు చర్చకు పెట్టి, నవంబరు ఇరవై ఆరున ఆమోదించాలి. గోల ఎక్కువైతే డస్టర్‌తో బల్ల మీద కొట్టి, "సభ్యులు జర ఆగుండ్రి!" అనేవాడు. సుద్ద పొగలా లేచేది. అందరూ ఆగేవారు.

వెనక ఒక బెంచీ మాత్రం ఖాళీగా ఉంచేవాడు. దాని పేరు హైదరాబాద్ బెంచీ. దేశమంతా ఢిల్లీలో కూర్చుని రాజ్యాంగం రాసుకుంటుంటే మన హైదరాబాద్ సంస్థానం కుర్చీలు చివరిదాకా ఖాళీగానే ఉన్నాయి. మొదట నిజాం పంపలేదు, పోలీసు చర్య తర్వాత కూడా ఎవరూ పోయి కూర్చోలేదు. ఆఖరికి నిజాం పేరున ఒక ఫర్మానా వచ్చింది, ఒప్పుకున్నామని. "మద్రాసోళ్ళు కొట్లాడిండ్రు, బొంబాయోళ్ళు కొట్లాడిండ్రు. మన వరంగల్లోళ్ళను ఒక్క మాట అడిగినోడు లేడు" అని బాపు కుళ్ళుకునేవాడు. ఈ గుణం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పాలా?

నేను తొమ్మిదికి వచ్చిన ఏడు ఆ బెంచీ నాకు దక్కింది. "నా బిడ్డెకు సభల సీటిస్తే నలుగురు ఏమంటరు? నువ్వు ఆడ కూసో" అన్నాడు. ఆ బెంచీకి వాదించే హక్కు లేదు, సవరణ పెట్టే హక్కు లేదు. అంతా అయ్యాక సారు అటు తిరిగి, "హైదరాబాద్ ఏమంటది?" అని అడుగుతాడు. అప్పుడు లేచి "సమ్మతమే" అనాలి. అది అంటేనే పాస్. "ఊకెనే తలూపకు బిడ్డా. కాదనొచ్చు. కాదంటే ఎందుకో చెప్పాలె, గంతే" అని క్లాసందరి ముందే నాకు చెప్పాడు.

ఆ ఏడు అధ్యక్షురాలు స్వరూప. రఘునాథపల్లి నుంచి బస్సులో వచ్చేది. "బస్సు లేటైతే అది పిల్ల తప్పు కాదు, బయట నిలవెట్టొద్దు" అని ఆమె పెట్టిన సవరణకు క్లాసంతా చేతులెత్తింది. ఆ రోజు బాపు ఇంటికొచ్చి, అన్నం కలుపుతూ, "ఎంత మంచిగ మాట్లాడిందే ఆ పిల్ల!" అన్నాడు. మామూలుగా ఇంటికొచ్చేసరికి ఆయన గొంతు పోయేది. అమ్మ ఉప్పునీళ్ళు ఇస్తే పుక్కిలించి, సైగలతోనే పొద్దు గడిపేవాడు. ఉన్న కాస్త గొంతూ ఆ పూట స్వరూపకే ఖర్చయింది. నేను సగం కంచంలోనే చెయ్యి కడుక్కున్నాను. నవంబరులో నా వంతు వచ్చినప్పుడు పళ్ళు నూరుతూ "సమ్మతమే" అన్నాను.

దినాల రోజు మా వాకిట్లో షామియానా నిండిపోయింది. అమ్మ ఎప్పుడో పోయింది, నేనొక్కదాన్నే సంతానం. కానీ ఎవర్ని చూసినా కొడుకుల్లా, బిడ్డల్లా ఏడుస్తున్నారు. ఒక్కొక్కరూ లేచి సారు నాతో ఇట్లన్నడు, అట్లన్నడు అని చెబుతున్నారు. మా తర్వాత ఎన్నో ఏళ్ళకు చదివిన అబ్బాయి ఒకడు నా దగ్గరికొచ్చి, "అక్కా, సారు ప్రతిసారి ఆ ఖాళీ బెంచీ దిక్కు సూసి, మా బిడ్డె కూసున్న జాగ ఇది అనేటోడు. ఇంకెవ్వర్ని కూసోనియ్యలే" అన్నాడు. వాడు నన్ను సంతోషపెడదామనే చెప్పాడు. ఆ మాట బాపు నాతో ఎన్నడూ అనలేదు. అది కూడా వాళ్ళకే దక్కింది.

భోజనాలయ్యాక స్వరూప లేచింది. రిటైరైన రోజు బాపు ఇంటికి తెచ్చుకున్న డస్టర్ ఫోటో పక్కన ఉంది. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి బడికి ఇద్దామని తీర్మానం చదివింది. షామియానాలో చేతులన్నీ లేచాయి. స్వరూప నా వైపు తిరిగి, అచ్చం ఆయన లాగే అడిగింది. "హైదరాబాద్ ఏమంటది?"

"సమ్మతం కాదు" అన్నాను.

లేచిన చేతులు లేచినట్టే ఉన్నాయి. వెనక నుంచి ఎవరో మెల్లగా, "ఎందుకో చెప్పాలె" అన్నారు.

"మీకందరికి సారు దొరికిండు. మీతోని మాట్లాడి మాట్లాడి, గొంతు పోయినంక నా దగ్గరికొచ్చేటోడు. నాకు మిగిలింది గంతే. గా డస్టరన్నా నన్ను ఉంచుకోనియ్యుండ్రి."

మొదట దిగిన చెయ్యి స్వరూపది. తర్వాత ఒక్కొక్కటే దిగాయి. "తీర్మానం వీగిపోయింది" అని ఆమే ప్రకటించి, కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు చూసి కూడా నాకు కుళ్ళు పోలేదు. కాకపోతే పోయి పక్కన కూర్చున్నాను.

డస్టర్ ఇప్పుడు కాజీపేటలో మా రైల్వే క్వార్టర్లో, గూట్లో ఉంది. తెచ్చిన రోజు ఒకసారి బల్ల మీద కొట్టి చూశాను. సుద్ద లేచింది, ఆయన చొక్కా వాసన వచ్చింది. అంతా ఖాళీ అయిపోతుందేమోనని భయమేసి మళ్ళీ కొట్టలేదు. కానీ బండి పోయినప్పుడల్లా గూడు సన్నగా అదురుతుంది. డస్టర్ కింద చిటికెడు తెల్లపొడి రాలి ఉంటుంది. దాన్ని నేను తుడవను, ఎవర్నీ తుడవనివ్వను.